అమ్మ పాస్‌పోర్ట్ జూన్‌లో అయిపోతుంది, అమెరికా నుంచి తిరిగొచ్చేది ఆగస్టులో: వెళ్లొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమ్మానాన్నలు మీ చెల్లెలి కాన్పు కోసం ఫిబ్రవరి 10న చెన్నై నుంచి అమెరికా వెళ్తున్నారు. ఆగస్టు 4న తిరుగు ప్రయాణం. వచ్చేటప్పుడు దుబాయ్‌లో దిగి మీ చిన్నాన్న వాళ్లింట్లో నాలుగు రోజులు ఉంటారు. ఇద్దరికీ పదేళ్ల అమెరికా వీసా 2031 దాకా ఉంది. నాన్నగారి పాస్‌పోర్ట్‌కి ఇంకా చాలా గడువుంది. అమ్మగారిది మాత్రం జూన్ 14తో అయిపోతుంది. టికెట్లు తీసిన ఏజెంటు "ఆరు నెలలు లేకపోతే ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపేస్తారు" అన్నాడు. మీ బావగారేమో "అమెరికాకి ఆ రూల్ మనకు లేదు, ధైర్యంగా పంపించు" అన్నారు. ఎవరి మాట వినాలి, ఇప్పుడు రెన్యువల్ చేయిస్తే వీసా పోతుందా అని మీ భయం.

రెన్యువల్ చేయించండి. ఈ వారంలోనే అప్లై చేయండి. వీసా పోదు.

నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా టికెటింగ్, వీసా ఫైలింగ్ పనిలో ఉన్నాను. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు, పీలేరు, వాయల్పాడు వైపు నుంచి కువైట్ వెళ్లేవాళ్లు, సింగపూర్, మలేషియా టూర్‌కి వెళ్లే కుటుంబాలు, అందరి పాస్‌పోర్ట్‌లూ చేతిలోకి తీసుకుని చూసే పని నాది. మీ ప్రశ్నలో ఉన్న చిక్కు మళ్లీ మళ్లీ ఎదురవుతూనే ఉంటుంది. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, మీలాంటి వాళ్లు ఇంకొందరికి కూడా పనికొస్తుంది.

ముందు మీ బావగారి మాట. ఆయన చెప్పింది నిజమే. అమెరికాకి మామూలు నియమం ఏమిటంటే, మనం ఉండబోయే కాలం దాటి ఇంకో ఆరు నెలలు పాస్‌పోర్ట్ చెల్లుబాటులో ఉండాలి. అయితే కొన్ని దేశాలకు మినహాయింపు ఉంది. దాన్ని వాడుకలో సిక్స్ మంత్ క్లబ్ అంటారు. గడువు అయిపోయిన తర్వాత కూడా ఆరు నెలల దాకా మా పౌరుల్ని వెనక్కి రానిస్తాం అని అమెరికాతో ఒప్పుకున్న దేశాల జాబితా అది. అందులో ఇండియా ఉంది. కాబట్టి ఫిబ్రవరిలో నాలుగు నెలల గడువుతో అమ్మగారు అమెరికాలో దిగితే, గడువు తక్కువన్న కారణంతో వెనక్కి పంపరు.

కానీ రానివ్వడం వేరు, ఎన్నాళ్లు ఉండనిస్తారన్నది వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. వీసా 2031 దాకా ఉంది కదా అనుకుంటారు. వీసా అన్నది విమానం ఎక్కి అక్కడి ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ ముందు నిలబడడానికే. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో ఆ ఆఫీసరే నిర్ణయిస్తాడు. దాని రికార్డు పేరు ఐ-94. సందర్శకులకి సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. మీ వాళ్లకి అలా ఇస్తే ఆగస్టు 9 దాకా వస్తుంది, ఆగస్టు 4 టికెట్‌కి సరిపోతుంది. అయితే పాస్‌పోర్ట్ జూన్ 14తో అయిపోతుంటే సాధారణంగా ఐ-94 కూడా జూన్ 14కే ఆపేస్తారు. నాన్నగారికి ఆగస్టు దాకా, అమ్మగారికి జూన్ దాకా. ఒకే కౌంటర్‌లో పక్కపక్కన నిలబడిన ఇద్దరికి రెండు తేదీలు పడతాయి. చాలామంది అది చూసుకోరు కూడా, ఎందుకంటే ఇప్పుడు ఐ-94 కాగితం చేతికివ్వరు, అమెరికా సరిహద్దు తనిఖీ విభాగం సీబీపీ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

ఆ తర్వాత అమ్మగారు జూన్ చివర్లో అక్కడే కన్సులేట్ ద్వారా పాస్‌పోర్ట్ మార్చుకున్నారనుకుందాం. కొత్త పాస్‌పోర్ట్ వస్తుంది గానీ ఐ-94 దానంతట అది పెరగదు. జూన్ 14 లోపలే ఐ-539 అనే ఫారం వేసి పొడిగింపు అడగాలి, దానికి ఫీజు వేరే. అదీ వేయకుండా ఆగస్టు దాకా ఉండిపోతే గడువు మీరి ఉన్నట్టే లెక్క. అలా ఒక్కరోజు ఎక్కువ ఉన్నా అమెరికా చట్టం ప్రకారం ఆ పదేళ్ల వీసా చెల్లకుండా పోతుంది. రేపు రెండో కాన్పుకి పోవాలంటే మళ్లీ మొదటి నుంచి ఫారాలు, ఇంటర్వ్యూ. ఇప్పుడు ఒక్కపూట పాస్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్లొస్తే తీరిపోయే పనికి అంత దూరం తెచ్చుకోవద్దు.

ఇక ఏజెంటు మాట. అమెరికా విషయంలో అతను చెప్పింది తప్పు. కానీ మీ ప్రయాణం మొత్తం చూస్తే అతని భయంలో అర్థం ఉంది, ఎందుకంటే మీ దారిలో దుబాయ్ ఉంది. దుబాయ్ ఉన్న దేశం యూఏఈ, అందులో అడుగుపెట్టే రోజుకి పాస్‌పోర్ట్‌కి ఇంకా ఆరు నెలలు ఉండాలి. ఆగస్టులో అక్కడ దిగేటప్పటికి అమ్మగారి పాస్‌పోర్ట్ అయిపోయి దాదాపు రెండు నెలలవుతుంది. అసలు గడువు తీరిన పాస్‌పోర్ట్‌తో అమెరికాలో బోర్డింగ్ పాస్ కూడా ఇవ్వరు. అంటే మీ ప్లాన్ వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు తెగిపోతుంది. బావగారూ ఏజెంటూ ఇద్దరూ ఫిబ్రవరి 10నే చూశారు, ఆగస్టు 4ని ఎవరూ చూడలేదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. పాస్‌పోర్ట్ గడువుని బయల్దేరే రోజు నుంచి కాదు, తిరిగొచ్చే రోజు నుంచి లెక్కపెట్టండి. ఆ రోజు నుంచి ఆరు నెలలు ఉంటేనే టికెట్ తీయండి. ఏ దేశం ఏం అడుగుతుందో ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, దాదాపు అన్ని నియమాలూ ఇందులో ఇమిడిపోతాయి. అంత లేదంటే రెన్యువల్‌కి వెళ్లడమే. మన ప్రభుత్వం గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యువల్‌కి అవకాశం ఇస్తోంది. మిగిలిన నెలలు కొత్తదానిలో కలపరు, నిజమే. పదేళ్లలో ఆరేడు నెలలు పోతాయని ఆగేవాళ్లను చూస్తుంటాను. విదేశాలకి వెళ్లేవాళ్లకి ఆ చివరి ఆరు నెలలూ ఎలాగూ పనికిరావు, వాటి కోసం చూసుకోవద్దు.

ఈ ఆరు నెలలు ఎందుకని చాలామంది కోపంగా అడుగుతారు. "గడువుంది కదా సార్, వాళ్లకేం నొప్పి?" అని. అవతలి దేశం చూసేది ఒకటే. వచ్చిన మనిషి జబ్బుపడొచ్చు, విమానాలు ఆగిపోవచ్చు, ఏ కారణం చేతైనా అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు ఉండాల్సి రావచ్చు. అప్పుడు చేతిలో చెల్లే పాస్‌పోర్ట్ లేకపోతే ఆ మనిషిని ఇంటికి పంపడం కష్టమవుతుంది. 2020లో విమానాలు ఆగిపోయి నెలల తరబడి ఎక్కడివాళ్లక్కడ ఉండిపోయినప్పుడు ఈ నియమం ఎందుకు పెట్టారో అందరికీ అర్థమైంది.

మరి మనల్ని ఆపేది ఎవరు? ఎక్కువసార్లు అవతలి దేశం దాకా పోనే పోదు వ్యవహారం. చెన్నైలోనో బెంగళూరులోనో చెకిన్ కౌంటర్ దగ్గరే తేలిపోతుంది. విమాన సంస్థలన్నీ టైమాటిక్ అనే సమాచార వ్యవస్థ వాడతాయి. మన జాతీయత, పాస్‌పోర్ట్ గడువు, వెళ్లే దేశం, దారిలో దిగే దేశం కొట్టగానే వెళ్లనివ్వాలో లేదో అందులో కనిపిస్తుంది. సరైన కాగితాలు లేని మనిషిని తీసుకెళ్తే ఆ దేశం విమాన సంస్థకి జరిమానా వేస్తుంది, వెనక్కి తెచ్చే ఖర్చూ సంస్థ మీదే పడుతుంది. అందుకే కౌంటర్‌లో ఉన్న అమ్మాయిని బతిమాలి లాభం లేదు, ఆమె చేతిలో ఏమీ ఉండదు.

శ్రీకాళహస్తి నుంచి ఒక కుటుంబం బ్యాంకాక్ బయల్దేరింది. టికెట్లు వాళ్లే ఆన్‌లైన్‌లో తీసుకున్నారు. భార్యాభర్తలవి, పెద్దబ్బాయివి పాస్‌పోర్ట్‌లు బాగానే ఉన్నాయి. చిన్నపాపది నాలుగు నెలల్లో అయిపోతుంది. థాయ్‌లాండ్‌కి ఆరు నెలలు ఉండాలి. కౌంటర్‌లో ముగ్గురి పాస్‌పోర్ట్‌లు స్కాన్ అయ్యాయి, నాలుగోది రెండుసార్లు తిప్పి చూసి పక్కన పెట్టారు, సూపర్‌వైజర్‌ని పిలిచారు. ఆయన వచ్చి గడువు తేదీ మీద వేలుపెట్టి చూపించాడు. తల్లీ పాపా ఆగిపోవాలా, నలుగురూ వెనక్కి రావాలా అన్నది అర్ధరాత్రి పూట లైన్లో నిలబడి తేల్చుకోవాల్సి వచ్చింది. తెల్లవారి వాళ్లు అక్కడి నుంచే ఫోన్ చేశారు, అప్పటికి ఎవరైనా చేయగలిగింది ఏమీ లేదు. హోటల్ డబ్బులు కూడా వెనక్కి రాలేదు.

అందుకే పిల్లల పాస్‌పోర్ట్ వేరుగా తీసి చూడండి. పెద్దవాళ్లకి పదేళ్లు, పిల్లలకి ఐదేళ్లే, లేదా పద్దెనిమిది నిండే దాకా, రెంటిలో ఏది ముందైతే అది. పదిహేను దాటిన పిల్లలకి పదేళ్లది అడిగి తీసుకోవచ్చు. ఇంట్లో అందరికీ ఒకేరోజు చేయించాం కాబట్టి అందరిదీ ఒకేసారి అయిపోతుందని అనుకుంటారు, కాదు. ఇంకో మాట, 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే తీసుకుంటారు. మీ చెల్లెలి బిడ్డ పుట్టేది అమెరికాలో కాబట్టి ఇప్పుడు మీకు దీంతో పనిలేదు. ఇక్కడ చిన్నపిల్లలున్నవాళ్లు మాత్రం మున్సిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో సర్టిఫికెట్ తెచ్చి, అందులో పేర్ల స్పెల్లింగ్ ముందే చూసుకోండి.

దేశాల సంగతి తొందరగా చెప్పేస్తాను. సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్, ఇండోనేషియా, వియత్నాం, శ్రీలంక, యూఏఈ, వీటన్నిటికీ ఆరు నెలలు ఉండాలి. వీసా అక్కర్లేదు, అక్కడికి వెళ్లాక ఇస్తారు అన్న దేశాలకి కూడా గడువు నియమం అలాగే ఉంటుంది. వీసా లేదు కదా, ఇంకేమీ చూడరు అనుకోవద్దు. యూరప్‌లో షెంగెన్ దేశాలకి, అంటే ఒకే వీసాతో తిరగగలిగే దేశాలకి, లెక్క వేరు. అక్కడి నుంచి బయటపడే తేదీ తర్వాత మూడు నెలలు ఉండాలి, పాస్‌పోర్ట్ ఇచ్చి పదేళ్లు దాటి ఉండకూడదు, వీసాకి రెండు ఖాళీ పేజీలు కావాలి. బ్రిటన్‌కి అక్కడ ఉన్నన్ని రోజులూ చెల్లితే చాలు. నేపాల్‌కి, భూటాన్‌కి మనవాళ్లు ఓటరు కార్డుతో కూడా వెళ్లొచ్చు.

నెలలు లెక్కపెట్టేటప్పుడు అంచున ఆగొద్దు. ఆరు నెలల ఒక్కరోజు ఉంది, చాలు అని టికెట్ తీస్తారు. మన చెన్నై విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే బయల్దేరతాయి. ఎక్కేది ఒక తేదీ, దిగేది ఇంకో తేదీ. ఆలస్యమైతే ఇంకోరోజు. రెండు మూడు వారాలైనా అదనంగా ఉంచుకోండి.

దారిలో విమానం మారే ఊరు గురించి కూడా చాలామంది అడుగుతారు. ఒకే టికెట్ మీద వెళ్తూ, లగేజీ నేరుగా చివరి ఊరికి వెళ్తూ, మీరు ఎయిర్‌పోర్ట్ లోపలే ఉండి విమానం మారితే సాధారణంగా ఆ దేశం ఎంట్రీ నియమం మీకు తగలదు. చౌకగా వస్తుందని రెండు వేర్వేరు టికెట్లు తీసుకుని, మధ్యలో లగేజీ తీసుకోవడానికి ఇమ్మిగ్రేషన్ దాటి బయటికి రావాల్సి వస్తే మాత్రం ఆ దేశంలో అడుగుపెట్టినట్టే. వీసా, ఆరు నెలలు, అన్నీ కావాలి.

ఉద్యోగాల మీద అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక ముక్క, ఎందుకంటే ఇది మీ బావగారికీ పనికొస్తుంది. చిత్తూరు అబ్బాయి ఒకతను హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉంటూ చెల్లి పెళ్లికి వచ్చి వెళ్లాడు. అతని పిటిషన్‌కి, అంటే కంపెనీ తెచ్చిన ఉద్యోగ అనుమతికి, ఇంకా రెండేళ్ల పైన ఉంది, పాస్‌పోర్ట్‌కి ఎనిమిది నెలలే. తిరిగి దిగినప్పుడు ఆఫీసర్ పాస్‌పోర్ట్ తేదీ వరకే ఐ-94 ఇచ్చాడు. అతను పిటిషన్ కాగితం మీది తేదీనే మనసులో పెట్టుకున్నాడు. డ్రైవింగ్ లైసెన్స్ మార్పించుకోవడానికి వెళ్తే, అక్కడివాళ్లు ఐ-94 చూసి కొన్ని వారాలకే ఇస్తామన్నారు. అప్పుడు తెలిసింది. హడావిడిగా పాస్‌పోర్ట్ మార్పించుకుని, దేశం దాటి మళ్లీ వచ్చి కొత్త ఐ-94 తీసుకున్నాడు. పెళ్లికి ఇక్కడున్నప్పుడే తిరుపతిలో తత్కాల్ చేయించుకుని ఉంటే అంతా తప్పేది. అమెరికాలో దిగిన వారం లోపల అందరూ సీబీపీ సైట్‌లో ఐ-94 తేదీ చూసుకోండి. మీ అమ్మానాన్నలదీ చూసి పెట్టమని బావగారికి చెప్పండి.

గల్ఫ్‌కి వెళ్లేవాళ్లది ఇంకో రకం ఇబ్బంది. కువైట్‌లో అకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి, పాస్‌పోర్ట్ గడువు దాటి ఇవ్వరు. పాస్‌పోర్ట్‌కి ఏడాది ఉంటే అకామా కూడా అంతవరకే. సెలవుకి ఊరికొచ్చినప్పుడు పాస్‌పోర్ట్‌కి ఏడాది లోపు ఉందంటే, తిరిగి వెళ్లే ముందు ఇక్కడ మార్చుకోవాలా, అక్కడ ఎంబసీ ద్వారా మార్చుకోవాలా అన్నది కఫీల్‌తో, అంటే పనిలో పెట్టుకున్న యజమానితో, మాట్లాడి తేల్చుకోండి, ఎందుకంటే కొత్త నంబర్ అక్కడి రికార్డులో ఎక్కాలి. సెలవు చివరి వారంలో వచ్చి అడిగేవాళ్లకి నేను చెప్పగలిగింది చాలా తక్కువ.

ఇప్పుడు మీ పని. అప్లై చేసేది పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లోనో, ఎంపాస్‌పోర్ట్ సేవా యాప్‌లోనో. చివర గవ్ డాట్ ఇన్ ఉన్న సైటేనా అని చూడండి. అచ్చం అలాగే కనిపించే నకిలీ సైట్లు డబ్బు ఎక్కువ గుంజుతున్నాయి, ఆధార్ కాపీలు కూడా వాళ్ల చేతికి పోతాయి. అందులో రెన్యువల్ అన్న పేరు ఉండదు, రీ-ఇష్యూ అని ఉంటుంది. కారణం దగ్గర గడువు తీరబోతోంది అన్నది ఎంచుకోండి. 36 పేజీలది 1500 రూపాయలు, 60 పేజీలది 2000. తత్కాల్ అయితే ఇంకో 2000 అదనం. అమ్మగారికి 36 చాలు.

మీకు తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రం దగ్గర. చిత్తూరు పోస్టాఫీసులో ఉన్న కేంద్రంలో కూడా స్లాట్ చూడండి, ఏది ముందొస్తే అది. ఈ రెండూ విజయవాడ ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయం కిందికి వస్తాయి, పుస్తకం అక్కడ అచ్చయి స్పీడ్ పోస్ట్‌లో ఇంటికొస్తుంది. మీ చేతిలో ఇంకా ఏడెనిమిది వారాలున్నాయి కాబట్టి స్లాట్ రెండు వారాల్లో దొరికితే మామూలుదే చాలు. అంతకంటే ఆలస్యమైతే తత్కాల్ పెట్టండి. తత్కాల్‌కి గుర్తింపు పత్రాలు మూడు కావాలి. ఆధార్, పాన్, ఓటరు కార్డు ఉంటే సరిపోతుంది, మూడింటిలోనూ పేరు ఒకేలా ఉందా అని ముందు చూడండి.

అమ్మగారితో ఒకరు కేంద్రం దాకా వెళ్లండి. లోపల ఏ, బీ, సీ అని మూడు దశలు. ఏ కౌంటర్‌లో కాగితాలు స్కాన్ చేసి, ఫొటో తీసి, వేలిముద్రలు తీసుకుంటారు. అక్కడ స్క్రీన్ మీద పేరు, పుట్టిన తేదీ, అడ్రస్ చూపిస్తారు. అమ్మగారు కళ్లద్దాలు మర్చిపోకుండా తీసుకెళ్లాలి, అక్కడ సరే అన్నదే పుస్తకంలో అచ్చవుతుంది. బీలో కాగితాలు సరిచూస్తారు, సీలో మంజూరు. పాత పాస్‌పోర్ట్ ఒరిజినల్, దాని మొదటి రెండు, చివరి రెండు పేజీల జిరాక్స్, ఆధార్ తీసుకెళ్లండి.

పాత పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా ఉందని కౌంటర్‌లో నోటితో చెప్పండి, పేజీ తీసి చూపించండి. వాళ్లు రద్దు ముద్ర వేసి, మూల కత్తిరించి పాత పుస్తకం మీకే తిరిగిస్తారు. రద్దయ్యేది పాస్‌పోర్ట్ మాత్రమే, అందులోని వీసా కాదు. వీసా స్టిక్కర్ మీద కత్తెర పడకుండా చూసుకోవాలి, అంతే. దాన్ని పీకి కొత్త పుస్తకంలో అతికించే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయొద్దు, పీకితే వీసా చెల్లదు. కొత్త పాస్‌పోర్ట్ చివరి పేజీలో పాత నంబర్ అచ్చయి వస్తుంది. ప్రయాణంలో రెండు పుస్తకాలూ హ్యాండ్ బ్యాగ్‌లోనే ఉండాలి. పాతది సూట్‌కేసులో పెట్టి లగేజీకి వేసేస్తే చెకిన్ అవ్వదు, అక్కడే పెట్టె తీసి వెతుక్కోవాలి. పెద్దవాళ్లు జాగ్రత్త కోసం అన్నీ అడుగున చీరల మధ్య సర్దేస్తారు, ముందే చెప్పండి. నేను రెండు పుస్తకాలకీ కలిపి ఒక రబ్బర్ బ్యాండ్ వేసి, వీసా పేజీలో చిన్న కాగితం ముక్క పెట్టి ఇస్తాను. అమెరికా కౌంటర్‌లో ఆఫీసర్ అడగ్గానే అమ్మగారు ఇంగ్లీషులో ఏమీ చెప్పనక్కర్లేదు, ఆ పేజీ తీసి ముందు పెడితే చాలు.

ఇది అమెరికా వీసాకి, పాస్‌పోర్ట్‌లో అంటించి ఇచ్చే ఇలాంటి వీసాలకి. ఆస్ట్రేలియా వీసా అలా కాదు, అది పాస్‌పోర్ట్ నంబర్‌కి ముడిపడి కంప్యూటర్‌లో ఉంటుంది. పాస్‌పోర్ట్ మారితే వాళ్ల సైట్‌లో కొత్త నంబర్ ఎక్కించాలి. బ్రిటన్ ఈ-వీసా కూడా అంతే. దుబాయ్ వీసా మీరింకా తీసుకోలేదు కదా, కొత్త పాస్‌పోర్ట్ చేతికొచ్చాకే, కొత్త నంబర్‌తోనే దానికి అప్లై చేయండి. విమాన టికెట్‌లో పాత నంబర్ ఇచ్చి ఉంటే ఏజెంటుకి చెప్పి మార్పించండి, దానికి మళ్లీ టికెట్ తీయనక్కర్లేదు.

రెన్యువల్ పేరుతో ఇప్పుడు పేరు మార్పులు పెట్టుకోవద్దు. చాలామంది అమ్మల పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, ఎలాగూ కొత్తది చేయిస్తున్నాం కదా అత్తింటి ఇంటిపేరు వేయిద్దాం అంటారు. వీసా ఒక పేరు మీద, పాస్‌పోర్ట్ ఇంకో పేరు మీద ఉంటే ప్రతి కౌంటర్‌లోనూ వివరణ ఇచ్చుకోవాలి. ఉన్నది ఉన్నట్టే రానివ్వండి. ఒకటే చూడండి: సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే పదంగా ఉంటే దుబాయ్‌కి చిక్కు. 2022 నవంబర్ నుంచి ఒంటి పేరున్న పాస్‌పోర్ట్‌తో విజిట్ వీసా మీద యూఏఈకి రానివ్వడం లేదు. అమ్మగారి పాస్‌పోర్ట్ అలా ఉంటే మాత్రం ముందు నాకు రాయండి, దానికి వేరే ఆలోచించాలి.

అడ్రస్ గురించి కూడా మీకు అనుమానం రావచ్చు. పాత పాస్‌పోర్ట్‌లో చిత్తూరు జిల్లా అని ఉంటుంది, 2022 ఏప్రిల్ 4 నుంచి మనది తిరుపతి జిల్లా. దానివల్ల పాత పాస్‌పోర్ట్ చెల్లకుండా ఏమీ పోదు, నాన్నగారిది అలాగే ఉంచండి. అమ్మగారి కొత్త ఫారంలో మాత్రం ఇప్పుడు ఉంటున్న ఇంటి అడ్రస్, ఇప్పటి జిల్లా రాయండి. పోలీస్ వెరిఫికేషన్ ఆ అడ్రస్‌కే వస్తుంది. ఫారంలో ఇచ్చిన ఫోన్ ఆ పది పదిహేను రోజులూ ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తాలి. కొత్త నంబర్ అని ఎత్తకపోవడం వల్ల, ఇంటికి తాళం ఉండడం వల్ల ఫైలు ఆగిపోవడం నేను చూసే ఆలస్యాల్లో పెద్దది.

పాత పుస్తకంలో ఈసీఆర్ (కొన్ని దేశాలకి పనికి వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ కావాలన్న గుర్తు) అని ఉంటే, యాభై దాటినవాళ్లకి అది అక్కర్లేదు, ఫారంలో నాన్-ఈసీఆర్ పెట్టండి. ఈ ప్రయాణానికి దాంతో పనిలేదు గానీ చేతిలో పనే కదా.

మన ఊళ్లో తప్పకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. కొత్త పాస్‌పోర్ట్ రాగానే పసుపు కుంకుమ పెట్టి దేవుడి ముందు పెడతాం, కొందరు కొండకి కూడా తీసుకెళ్తారు. తప్పకుండా చేయండి. బొట్టు మాత్రం ప్లాస్టిక్ కవర్ మీద పెట్టండి, పుస్తకం తెరిచి ఫొటో ఉన్న పేజీలో పెట్టొద్దు. ఆ పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసల అక్షరాలుంటాయి, వరుసకి 44. ఎయిర్‌పోర్ట్‌లో మెషిన్ చదివేది వాటినే. పసుపు తడిగా అంటుకుని ఆ వరుస మీద మరక పడితే మెషిన్ చదవదు. మరక పెద్దదైతే పాడైన పాస్‌పోర్ట్ కింద లెక్కేసి ఆపే ప్రమాదం ఉంది. ఇప్పుడు వస్తున్న ఈ-పాస్‌పోర్ట్‌లలో చిప్ కూడా ఉంటుంది, ముందు అట్ట మీద కింద బంగారు రంగులో చిన్న గుర్తు కనిపిస్తుంది. దాన్ని మడవొద్దు, పిన్ను కొట్టొద్దు, అక్షింతలు వేసేటప్పుడు తడి తగలనివ్వొద్దు.

ఇంత చెప్పినా ఏదో కారణంతో కొత్త పాస్‌పోర్ట్ ఫిబ్రవరి 10 లోపల రాకపోతే, పాతదాని మీద అమ్మగారిని పంపేద్దామని మాత్రం అనుకోవద్దు. రీ-ఇష్యూకి మంజూరు అయిన రోజే పాతది రద్దయిపోతుంది. టికెట్ తేదీ ఓ వారం జరపండి, మార్చడానికి అయ్యే డబ్బు ఎంతో ఏజెంటుని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. కాన్పు తేదీ మార్చి చివర్లో అన్నారు కాబట్టి ఓ వారం అటూఇటూ అయినా మీ చెల్లెలికి అమ్మ పక్కనే ఉంటుంది.

ఈ రాత్రికే ఫారం నింపి, స్లాట్ ఏ తేదీకి వచ్చిందో, అమ్మగారి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి నిండుగా ఉందో లేదో ఇక్కడ రాయండి. దాన్ని బట్టి మామూలుదా తత్కాలా అన్నది చెప్తాను.